షవర్ గోడకు ఏ క్లీనర్ వాడాలి?

క్లీనర్ కొనేముందు షవర్ గోడకు ఏం పరిచారో చూసుకోండి. మార్బుల్ అయితే వెనిగర్, నిమ్మరసం, టాయిలెట్ యాసిడ్ జోలికి అస్సలు వెళ్లొద్దు. మార్బుల్‌లో ఎక్కువగా ఉండేది కాల్షియం కార్బొనేట్. యాసిడ్ దాన్ని కరిగించేస్తుంది. చుక్క పడిన చోట మెరుపు పోయి పాలిపోయిన మచ్చ కనిపిస్తుంది, వేలితో రాస్తే గరుకుగా తగులుతుంది. అది మురికి కాదు, రాయే దెబ్బతింది. ఎంత తోమినా పోదు, మళ్లీ పాలిష్ పట్టించాల్సిందే. సీసా మీద ‘పీహెచ్ న్యూట్రల్’ (అంటే యాసిడ్ గానీ క్షారం గానీ కానిది) అని ఉన్నదే తీసుకోండి.

గాజు తలుపు మీద ఉప్పునీటి మరకలకు మాత్రం నేను వెనిగరే వాడతాను. సమానంగా నీళ్లు కలిపి, గుడ్డతో అద్ది, 10 నిమిషాలాగి కడిగేస్తాను. కింద రాతి గడప ఉంటే దాని మీద కారనివ్వను. సిరామిక్ టైల్స్ తట్టుకుంటాయి గానీ వాటి మధ్య సందుల్లో నింపే సిమెంట్ గ్రౌట్ తట్టుకోదు. దానికి వంటసోడా ముద్ద, మెత్తటి బ్రష్ చాలు. యాక్రిలిక్ (ఒక రకం ప్లాస్టిక్) గోడకు స్క్రబ్బింగ్ పౌడర్, అసిటోన్ రెండూ వద్దు. గిన్నెలు తోమే లిక్విడ్ సరిపోతుంది.

ఇది మాత్రం దయచేసి గుర్తుంచుకోండి: బ్లీచ్‌లో యాసిడ్ గానీ వెనిగర్ గానీ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. తలుపులేసిన బాత్రూమ్‌లో అది ప్రాణం మీదకు తెస్తుంది. ఒకటి వాడిన రోజు రెండోది ముట్టుకోకండి, కిటికీ తెరిచే ఉంచండి.