వైర్ హార్నెస్‌కి హెచ్‌ఎస్ కోడ్ ఎలా ఎంచుకోవాలి? ముందు మెషీన్‌ని పక్కన పెట్టండి

బయటి దేశం నుంచి వచ్చే ఇన్‌వాయిస్‌లో సగం వరుసలకి ఒకటే పేరుంటుంది: వాషింగ్ మెషీన్ పార్ట్స్. పక్కన హెచ్‌ఎస్ కోడ్, అంటే దేశదేశాల కస్టమ్స్ సరుకుని గుర్తుపట్టే అంకె, 8450 90. ఏసీ ఫ్యాక్టరీకి వచ్చేదైతే ఏసీ పార్ట్స్, 8415 90. సప్లయర్‌కి అది సుఖం, ఒక లైను కొట్టి కిందకి కాపీ చేసుకుంటూ పోతాడు. పర్చేజ్ వాళ్లు దాన్ని ఉన్నదున్నట్టు నాకు పంపించి, "లైన్ ఆగిపోతుంది సార్, ఇవాళే ఫైల్ చేసేయండి" అంటారు. నేను తడలో కూర్చుని శ్రీసిటీ ఫ్యాక్టరీల దిగుమతి కాగితాలు చూస్తుంటాను. సరుకు చెన్నైలోనో, కాటుపల్లిలోనో, కృష్ణపట్నంలోనో దిగుతుంది. పెట్టె విప్పితే ఉండేవి వైర్లు, లగ్గులు (వైరు చివర బిగించే లోహపు ముక్కలు), కనెక్టర్లు, స్విచ్చులు. డాక్యుమెంటేషన్ సీట్లో కొత్తగా కూర్చున్నవాళ్లు వీటికి కోడ్ ఎలా వెతకాలో చెబుతాను.

అది ఏ మెషీన్లోకి పోతుందన్న ప్రశ్నతో మొదలుపెట్టొద్దు. బల్ల మీద పెట్టి చూసి, ఈ వస్తువుకి టారిఫ్‌లో, అంటే కోడ్‌లూ డ్యూటీ రేట్లూ ఉండే కస్టమ్స్ పట్టికలో, సొంత పేరు ఉందా అని అడగండి. కస్టమ్స్ టారిఫ్ చట్టం, 1975 మొదటి షెడ్యూల్లో 84, 85 అధ్యాయాలు రెండూ 16వ సెక్షన్‌లో ఉంటాయి. ఆ సెక్షన్ మొదట్లో నోట్ 2 ఉంది. దాన్ని ప్రింట్ తీసి బల్ల అద్దం కింద పెట్టుకున్నా తప్పులేదు. అందులో (ఎ) చెప్పేది ఇది: పార్టు అయినా సరే, దానికి 84లోనో 85లోనో సొంత హెడింగ్ (నాలుగంకెల కోడ్) ఉంటే అక్కడికే పోవాలి. సొంత హెడింగ్ లేకపోతేనే (బి)కి దిగాలి. ఒక మెషీన్‌కే, లేదా ముఖ్యంగా ఆ మెషీన్‌కే పనికొచ్చేదైతే ఆ మెషీన్ పార్టు అవుతుంది. రెండూ కాకపోతే (సి) ప్రకారం 8487 లేదా 8548. చాలామంది నేరుగా (బి)లోకి దూకుతారు. "ఈ మోడల్‌కి తప్ప దేనికీ పనికిరాదు సార్" అన్నమాట నిజమే అయినా, (ఎ) దాటాక గానీ ఆ మాటకి విలువ లేదు. 8538 లాంటి కొన్ని పార్టుల హెడింగులని మాత్రం (ఎ) నుంచి తప్పించారు. ఆ జాబితా నోట్‌లోనే ఉంటుంది, చదవండి.

ఇప్పుడు హార్నెస్ తీసుకుందాం. రాగి తీగ, పైన పీవీసీ తొడుగు, రెండు చివర్లా కనెక్టర్లు, మధ్యలో టై కట్టి పాయలు పాయలుగా చీలిన వైర్ల గుత్తి. 8544 హెడింగ్ ఇన్సులేషన్ ఉన్న వైరుని, కేబుల్‌ని, కనెక్టర్లు బిగించినా బిగించకపోయినా, పేరు పెట్టి చెబుతుంది. వైరుని కొలతకి కత్తిరించి చివర్లకి ప్లగ్గులో లగ్గులో వేసినా, సెట్లుగా కట్టినా, 8544 లోనే ఉంటుందని వివరణ నోట్స్ కూడా అంటాయి. కాబట్టి వాషింగ్ మెషీన్ హార్నెస్ 8450 90 కాదు. 1000 వోల్టులు మించని, కనెక్టర్లు బిగించిన కండక్టర్ కనుక 8544 42. కనెక్టర్ లేని ఉత్త వైరు 8544 49. మూడు పిన్నుల ప్లగ్గు మౌల్డ్ చేసిన పవర్ కార్డ్, రెండో చివర ఉత్త తీగలే ఉన్నా, 8544 42. ఎనిమిది అంకెల దగ్గరకొచ్చేసరికి మన టారిఫ్ ఇన్సులేషన్ ప్లాస్టిక్కా రబ్బరా కాగితమా అని అడుగుతుంది. ఆ సంగతి డ్రాయింగ్‌లో ఉండాలి. లేకపోతే సప్లయర్‌ని అడిగి రాయించుకోండి.

ఇక్కడే ఒక గుంట ఉంది. కంప్యూటర్లో హార్నెస్ అనో వైరింగ్ సెట్ అనో వెతికితే ముందుగా 8544 30 ఎదురవుతుంది, దాన్ని కొట్టేస్తారు. అది వాహనాలు, విమానాలు, ఓడల్లో వాడే వైరింగ్ సెట్లకి. ఫ్రిజ్‌కి, మిక్సీకి సంబంధం లేదు. ఆ వరుస "ఇగ్నిషన్ వైరింగ్ సెట్లు" అని మొదలవుతుంది కాబట్టి గ్యాస్ స్టవ్ ఆటో ఇగ్నిషన్ వైరుని కూడా అక్కడే వేసినవాళ్లని చూశాను. అది స్టవ్ కదా, బండి కాదు! నిప్పురవ్వ తెప్పించే ఆ వైరు వేల వోల్టులకి తయారైంది. 1000 వోల్టులు మించే కండక్టర్లకి 8544 60 ఉంది. మైక్రోవేవ్ ఓవెన్లో ట్రాన్స్‌ఫార్మర్ నుంచి కెపాసిటర్‌కీ మాగ్నెట్రాన్‌కీ పోయే వైరు కూడా అదే దారి. ఇంట్లో వాడే సామానంటే 230 వోల్టులే కదా అనుకుంటే ఇక్కడ దెబ్బతింటాం. వైరు ఎంత వోల్టేజీకి తయారైందో డేటా షీట్‌లో చూడండి.

మోటారు చుట్టే ఎనామిల్ రాగి తీగ మీద పూత ఇన్సులేషనే కాబట్టి అదీ 8544 లోదే, 8544 11. కానీ ఎర్తింగ్‌కి వాడే అల్లిన రాగి పట్టీ మీద ఏ తొడుగూ ఉండదు. అది 85వ అధ్యాయంలోకే రాదు, 7413. ఏసీ డిస్‌ప్లే నుంచి బోర్డుకి పోయే చదునైన ఫ్లాట్ కేబుల్ 8544. అచ్చం అలాగే కనిపించే ఫిల్మ్ మీద సర్క్యూట్‌ని ప్రింట్ చేసి ఎచింగ్ చేసి ఉంటే అది 8534. ఫోటోలో రెండూ ఒకటే. ఎలా తయారు చేశారని అడగకుండా ఈ రెంటినీ విడదీయలేం.

హార్నెస్ ఇక్కడే కట్టించుకునే ఫ్యాక్టరీలకి విడి సరుకు వస్తుంది. క్రింపింగ్ టెర్మినళ్లు, లగ్గులు, పూర్తి కనెక్టర్లు 8536 90. ప్లగ్గులు, సాకెట్లు 8536 69. స్విచ్చులు 8536 50, ఫ్యూజులు 8536 10. టెర్మినల్ లేని ఖాళీ ప్లాస్టిక్ హౌసింగ్ దగ్గర వాదన మొదలవుతుంది. అది కనెక్టర్‌లో భాగం కనుక 8538 90 అని నేను వేస్తాను. ఇన్సులేటింగ్ ఫిట్టింగ్ కనుక 8547 20 అనే అధికారీ ఉంటాడు, ఆయన మాటలోనూ పస ఉంది. లోపల టెర్మినల్ కూర్చునే గదులు స్పష్టంగా కనిపించే డ్రాయింగ్ జతచేస్తే నా వాదన నిలబడుతుంది. పీవీసీ స్లీవ్ చుట్టలుగా వస్తే ప్లాస్టిక్ గొట్టం, 3917. టై అయితే 3926 90. కరెంటు సామాన్ల మధ్య ఉన్నంత మాత్రాన ఈ రెండూ 85లోకి రావు.

వైరుకి ఇంకేదో అంటుకుని వచ్చినప్పుడే అసలు తలనొప్పి. మధ్యలో ఒక ఫ్యూజ్ హోల్డర్ ఉన్న హార్నెస్ హార్నెస్సే. కరెంటు మోసుకుపోవడమే దాని ప్రధానమైన పని, టారిఫ్‌ని ఎలా చదవాలో చెప్పే సాధారణ రూల్స్‌లో 3(బి) చూసేది ఆ ప్రధాన స్వభావాన్నే. అదే హీటర్ కాయిల్‌కి రెండు జానల వైరు అతికించి ఉంటే, వైరు అక్కడ తోక మాత్రమే. అది హీటింగ్ రెసిస్టర్, 8516 80. వైరున్న థర్మోస్టాట్ 9032 10. విడి థర్మిస్టర్ (వేడిని బట్టి రెసిస్టెన్స్ మారే ముక్క) 8533 40. దాన్నే లోహపు గొట్టంలో పెట్టి, వైరూ కనెక్టరూ వేసి, ఫ్రిజ్ ఉష్ణోగ్రత చూసే ప్రోబ్‌గా పంపితే కొలత పరికరాలుండే 90వ అధ్యాయం వైపు లాగే వాదన వస్తుంది. ఫ్రిజ్ డీఫ్రాస్ట్ హార్నెస్‌లో ఇవన్నీ ఒకే గుత్తిలో ఉంటాయి. అలాంటిదాన్ని ఫోన్లో అడిగితే నేను కోడ్ చెప్పను, నమూనా పంపమంటాను.

కంట్రోల్ బోర్డు ఇంకో గొడవ. 8535, 8536 రకం పరికరాలు రెండో అంతకంటే ఎక్కువో బిగించి, కరెంటుని నియంత్రించే బోర్డుకి 8537 అనే సొంత పేరుంది. కాబట్టి బోర్డు మీద రిలేలు, స్విచ్చులు లెక్కపెట్టండి. మెషీన్ పార్టు అని 8450 90 రాసేముందు ఆ లెక్క కాగితం మీద ఉండాలి.

కిట్ల గురించి ఒక మాట. ఒక్కో మెషీన్‌కి కావలసిన హార్నెస్, స్విచ్చు, టైలు, స్లీవ్ ఒకే సంచిలో వేసి పంపుతారు. అన్నిటికీ ఒకటే కోడ్ వేద్దామని ఆశ పుడుతుంది. 3(బి) లోని సెట్ అంటే చిల్లర అమ్మకానికి సిద్ధం చేసినది, అసెంబ్లీ లైన్‌కి పోయే సంచి కాదు. వరుసలు విడదీయాల్సిందే. మరోవైపు, మెషీన్ మొత్తానికి సరిపడా విడిభాగాలు ఒకే సరుకులో వస్తే ఆ సాధారణ రూల్స్‌లోని 2(ఎ) (పైన చెప్పిన నోట్ 2(ఎ) కాదు) దాన్ని పూర్తి మెషీన్ కింద లెక్కగడుతుంది. కొత్త మోడల్ ట్రయల్‌కి తెప్పించేటప్పుడు ఇది గుర్తుంచుకోండి.

ఇదంతా చెప్పాక కొంచెం చదువుకున్న ఫైనాన్స్ వాళ్లు వెస్టింగ్‌హౌస్ శాక్స్‌బీ ఫార్మర్ తీర్పు తీస్తారు. 2021 మార్చిలో సుప్రీంకోర్టు, రైల్వే సిగ్నలింగ్‌కే వాడే రిలేలు 8536 కాదు, రైల్వే సిగ్నలింగ్ పరికరాల హెడింగ్ 8608 అంది. మరి మన హార్నెస్ ఎందుకు పార్టు కాదని అడుగుతారు. ఆ తీర్పు నిలబడింది రైళ్లు, వాహనాలుండే 17వ సెక్షన్ నోట్స్ మీద, అందులోని నోట్ 3 మీద. మన వాషింగ్ మెషీన్ 16వ సెక్షన్‌లోది. ఇక్కడ నోట్ 2(ఎ) మాట వేరు. ఆ తీర్పు పట్టుకుని 8450 90 వేయడం నా లెక్కలో సాహసం.

కోడ్ సరిగ్గా పట్టుకున్నా వర్ణన చెడితే పని చెడుతుంది. ఫేస్‌లెస్ అసెస్‌మెంట్, అంటే అధికారి ముఖం చూడకుండా ఆన్‌లైన్లో కాగితాలు పరిశీలించే పద్ధతి, 2020 జూన్ 8న చెన్నై, బెంగళూరులలో మొదలైంది, అదీ 84, 85 అధ్యాయాలతోనే. ఇప్పుడు మీ బిల్ ఆఫ్ ఎంట్రీ (దిగుమతి డిక్లరేషన్) చూసే అధికారి వేరే ఊళ్లో ఉండొచ్చు. వెనకటిలా రాజాజీ సాలైలోని కస్టమ్ హౌస్‌కి నమూనా పట్టుకెళ్లి "ఇదిగో సార్, వైరే" అని చూపించే వీలు లేదు. ఆయనకి కనిపించేది మీరు రాసిన వాక్యం, జతచేసిన కాగితాలు. అందుకని "వైర్ హార్నెస్, రాగి కండక్టర్, పీవీసీ ఇన్సులేషన్, 300/500 వోల్టులు, రెండు చివర్లా కనెక్టర్లు బిగించినది, వాషింగ్ మెషీన్ ఫలానా మోడల్‌కి, పార్ట్ నంబరు ఫలానా" అని రాయండి. ఇన్‌వాయిస్‌లోనూ అదే మాట ఉండేలా ఆర్డర్ ఇచ్చినప్పుడే సప్లయర్‌కి చెప్పండి. డ్రాయింగ్, ఫోటో, డేటా షీట్ ముందే ఎక్కిస్తే ప్రశ్న రావడం తగ్గుతుంది. ప్రశ్న వచ్చి సరుకు రేవులో కూర్చుంటే డెమరేజ్ (ఆలస్యానికి పడే ఛార్జీ) మీటర్ తిరుగుతూనే ఉంటుంది. పీవీసీ కేబుల్ అయితే ఐఎస్ 694 ప్రమాణం కింద బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) సంగతి కూడా ఓడ ఎక్కకముందే తేల్చుకోవాలి.

డబ్బు దగ్గరకొద్దాం. రేట్లు బడ్జెట్‌తో, నోటిఫికేషన్లతో మారతాయి కాబట్టి ఫైల్ చేసే రోజున చూడాల్సిందే. లెక్క తెలియడానికి ఉత్త ఉదాహరణ: సరుకు విలువ 10,00,000 రూపాయలు, బేసిక్ డ్యూటీ 10 శాతం అనుకుందాం. డ్యూటీ 1,00,000, దాని మీద పదో వంతు సోషల్ వెల్ఫేర్ సర్‌ఛార్జ్ 10,000. మొత్తం 11,10,000 మీద ఐజీఎస్టీ 18 శాతం వేస్తే 1,99,800. కట్టేది 3,09,800. అదే బేసిక్ 7.5 శాతమైతే 2,77,350. తేడా 32,450 కనిపిస్తుంది గానీ, అందులో 4,950 ఐజీఎస్టీ, అది క్రెడిట్‌గా తిరిగొస్తుంది. ఫ్యాక్టరీకి నిజంగా తగిలేది 27,500. యజమానికి చెప్పాల్సింది ఈ అంకె.

తక్కువ రేటు కోడ్ కోసం మెలికలు తిప్పేవాళ్లకి కస్టమ్స్ చట్టం సెక్షన్ 28 చూపిస్తాను. తగ్గిన డ్యూటీకి రెండేళ్ల లోపు నోటీసు ఇవ్వొచ్చు. దాచిపెట్టారనో, కావాలని తప్పు చెప్పారనో తేలితే ఐదేళ్లు. పైన వడ్డీ ఏడాదికి 15 శాతం. ప్రతి నెలా వచ్చే పార్టైతే వెనక్కి లెక్కగట్టేసరికి గుండె ఆగుతుంది.

ఆసియాన్ దేశాల నుంచి రాయితీ డ్యూటీతో తెచ్చేవాళ్లకి ఇంకో జాగ్రత్త. ఆరిజిన్ సర్టిఫికెట్ (సరుకు ఏ దేశంలో తయారైందో చెప్పే కాగితం) మీద సప్లయర్ 8450 90 వేయించి, మీరు 8544 42 వేస్తే రెండూ పొసగవు, రాయితీ ఇరుక్కుంటుంది. 2020 సెప్టెంబరు 21 నుంచి అమల్లో ఉన్న కేరోటార్ రూల్స్ ప్రకారం ఆరిజిన్ వివరాలు దిగుమతిదారు దగ్గరే ఉండాలి. సర్టిఫికెట్ డ్రాఫ్టు దశలోనే తెప్పించుకుని కోడ్ సరిచూడండి. ముద్ర పడ్డాక మార్పించడం నరకం.

నిజంగా రెండు వైపులా వాదన ఉన్న వస్తువు, అదీ ఏళ్ల తరబడి తెచ్చేదైతే, కస్టమ్స్ చట్టం సెక్షన్ 28హెచ్ కింద అడ్వాన్స్ రూలింగ్, అంటే ఏ కోడో ముందే తేల్చే నిర్ణయం, అడగండి. అథారిటీలు ఢిల్లీలో, ముంబైలో ఉన్నాయి. రూలింగ్ కొన్నేళ్లు చెల్లుతుంది, మధ్యలో చట్టమో వాస్తవాలో మారితే అంతవరకే. ఇంతకుముందు ఇచ్చిన రూలింగులు చదివితే మీలాంటి వస్తువు కనిపించవచ్చు. ఒకటి రెండు కార్టన్ల సరుకుకి ఇంత హడావుడి అక్కర్లేదు, డ్రాయింగ్ పెట్టి మీ కోడ్‌ని సమర్థించుకోండి.

ఒక్కో పార్ట్ నంబరుకి ఒక్కో పేజీ ఫైలు పెట్టండి. ఫోటో, డ్రాయింగ్, ఏ నోట్ వల్ల ఏ కోడ్, ఏ తేదీన తేల్చారో ఉంటే చాలు. తేదీ ఎందుకంటే హెచ్‌ఎస్ పుస్తకమే మారుతుంటుంది. ఇప్పుడున్నది 2022 కూర్పు, తర్వాతిది 2028 జనవరి 1 నుంచి. అప్పుడు ఏ పేజీలు తిరగేయాలో ఆ తేదీ చూస్తే తెలుస్తుంది.