పొలంలో టెంట్ వేసుకుని ఒక రాత్రి ఉండాలంటే ఎలా?

క్యాంపింగ్ అనగానే మన వైజాగ్‌లో అందరి నోటా వచ్చేవి అరకు, లంబసింగి. డిసెంబరులో శని, ఆదివారాలు అక్కడ చలి కంటే జనం ఎక్కువ, ఘాట్ రోడ్డు మీద కారు వెనక కారు. మొదటిసారి టెంట్ వేసేవాళ్లకి అంత దూరం అక్కర్లేదు. ఆనందపురం, పద్మనాభం, సబ్బవరం, ఎస్.కోట, ఏ వైపు వెళ్లినా మామిడి, జీడి, సరుగుడు తోటలే. తోటలో ఓ మూల జాగా ఇచ్చి రాత్రికి ఇంత అని తీసుకునే చిన్న రైతులున్నారు, తెలిసినవాళ్ల తోటైతే మరీ మంచిది. ఏదైనా తేడా వస్తే గంటా గంటన్నరలో ఇంటికొచ్చి పడొచ్చు. అడవిలోకి మాత్రం అనుమతి లేకుండా వెళ్లి టెంట్ వేయకండి.

కాలం చూసుకోండి. నవంబరు చివర నుంచి ఫిబ్రవరి దాకా బాగుంటుంది. అక్టోబరు, నవంబరు మనకి తుఫాన్ల నెలలు, హుద్‌హుద్ వచ్చింది 2014 అక్టోబరు 12నే కదా. బయల్దేరే ముందు వాతావరణ సూచన చూసి, అల్పపీడనం అన్న మాట కనిపిస్తే ప్రయాణం వాయిదా వేసేయండి.

ముందు ఇంటి మేడ మీద ఒకసారి టెంట్ వేసి చూడండి. సిమెంటులో మేకులు దిగవు కాబట్టి మూలల్లో ఇటుకలు పెడితే సరి. రాడ్లు ఏది ఎందులోకి వెళ్తుందో, పైకప్పు గుడ్డ ఎటు తిప్పాలో చీకట్లో టార్చి నోట్లో పెట్టుకుని నేర్చుకోవడం కంటే ఇది నయం. ఇంకోటి, టెంట్ మీద ‘ముగ్గురికి’ అని రాసి ఉంటే ఇద్దరికి అని అర్థం చేసుకోండి.

టెంట్ వేసే ముందు రైతుని అడగండి

అసలు సంగతి ఇదే. మధ్యాహ్నం మూడున్నరకల్లా అక్కడ ఉండండి, ఎందుకంటే డిసెంబరులో మనకి ఐదున్నర లోపే పొద్దు గూకిపోతుంది. దిగగానే బ్యాగులు విప్పకుండా రైతుతో ఒకసారి తోటంతా తిరగండి.

నేను మొదటిసారి అలా చేయలేదు. గట్టు కింద మెత్తటి ఇసక, చాప పరిచినట్టు చదునుగా ఉంది, ఇంతకంటే మంచి చోటు దొరకదనుకుని వేసేశాను. తోట చూసుకునే ముసలాయన వచ్చి, “బాబూ, అక్కడొద్దు, నీరొస్తాది” అన్నాడు. ఆకాశంలో మబ్బు తునక లేదు, నీరెక్కడి నుంచి వస్తుందిలే అని నవ్వేసి ఊరుకున్నాను. తెల్లవారుజామున కరెంటు వచ్చింది, పక్క పొలంలో ఆటో స్టార్టర్ ఉన్న మోటారు తనంతట తనే ఆన్ అయింది, కాలువ నిండి గట్టు దాటి సరిగ్గా నా టెంట్ కిందకే వచ్చింది. ముందు వీపు చల్లబడింది, తర్వాత దిండు తడిసింది, లేచి చూస్తే చెప్పులు ఒకదాని వెనక ఒకటి కాలువలో పోతున్నాయి. ఆ ఇసక అక్కడ అంత చదునుగా ఎందుకుందో అప్పుడర్థమైంది.

కాబట్టి మొదటి ప్రశ్న, నీళ్లు ఎటు పారతాయి, మోటారు ఎప్పుడు ఆడుతుంది అని. తాగడానికి, కడుక్కోవడానికి నీళ్లు కూడా మోటారు ఆడినప్పుడే పట్టుకోవాలి, రాత్రికి ట్యాప్ తిప్పితే వచ్చేయడానికి అది అపార్ట్‌మెంట్ కాదు.

రెండోది ఇంకా ముఖ్యం. చుట్టుపక్కల ఎక్కడైనా కరెంటు తీగ లాగారా అని మొహమాటం లేకుండా అడగండి. అడవి పందుల కోసం కొందరు రాత్రిపూట పొలం చుట్టూ తీగ కట్టి కరెంటు పెడతారు. చట్టప్రకారం తప్పు, అయినా పెడతారు, వాటికి తగిలి మనుషులు పోతున్నారు. చీకటి పడ్డాక పక్క పొలంలోకి అడుగు పెట్టొద్దని పిల్లలకి ఒకటికి నాలుగుసార్లు చెప్పండి.

ఆ తర్వాత గడ్డి సంగతి. కోతలయ్యాక వరికుప్పలు కల్లంలోనే ఉంటాయి. ఒక్క నిప్పురవ్వ చాలు, ఆ ఇంటి ఏడాది పంట బూడిదైపోతుంది. మంట ఎక్కడ వేసుకోవాలో రైతే చూపించాలి, మనం ఎంచుకోకూడదు.

టెంట్ వేయడం

కోసేసిన మడిలో వేయకండి, వరి మోళ్లు అడుగు గుడ్డని చీల్చేస్తాయి. కొబ్బరిచెట్టు కింద వద్దు, ఎందుకో చెప్పక్కర్లేదు. ఎండుకొమ్మలున్న పాత చింతచెట్టు కింద కూడా వద్దు. కల్లం ఖాళీగా ఉండి, దగ్గర్లో కుప్పల్లేకపోతే అడిగి అక్కడ వేసుకోండి, అంత చదును మరెక్కడా దొరకదు.

కింద ముందు బరకం పరవండి. అది టెంట్ అంచు దాటి బయటికి రాకూడదు, వస్తే పైనుంచి కారే మంచునీళ్లన్నీ పట్టి మీ కిందకే తెస్తుంది. టెంట్‌తో ఇచ్చే సన్న మేకులు మన ఎర్రమట్టికి ఆగవు, రెండు దెబ్బలకే వంగిపోతాయి. హార్డ్‌వేర్ షాపులో ఆరంగుళాల ఇనప మేకులు కొనండి. నేల మరీ గట్టిగా ఉంటే రైతుని గునపం అడిగి చిన్న కన్నం చేసి అందులో దిగ్గొట్టండి. మేకు తల టెంట్‌కి దూరంగా వాలి ఉండాలి, అప్పుడే తాడు లాగినా ఊడిరాదు. తలుపు గాలి వచ్చే వైపు పెట్టకండి.

చలి పైనుంచి కంటే నేల నుంచి ఎక్కువ వస్తుంది. అందుకే కప్పుకునేవి రెండు తెచ్చి పరుచుకునేది ఒకటి తెస్తే లాభం లేదు. ఫోమ్ షీటు, దాని మీద రగ్గు, అంతే. కిటికీ జాలి కాస్త తెరిచి ఉంచండి, లేకపోతే మన ఊపిరే చెమ్మై పొద్దున్నకి లోపల చినుకులు పడతాయి.

వంట

పెద్ద ప్లానులు వద్దు. మూడు రాళ్ల పొయ్యి, అన్నం, పప్పు లేదా కోడి కూర. ఏటిలోంచి తీసిన తడి రాళ్లు మాత్రం పొయ్యికి పెట్టకండి, వేడికి పేలతాయి. వేసవిలో జీడితోటకి వెళ్తే సరదాకి పచ్చి జీడిపిక్కలు నిప్పుల్లో వేయడం కూడా వద్దు, ఆ తొక్కలోని నూనె చిమ్మితే చర్మం బొబ్బలెక్కుతుంది. కూరగాయలు రైతు బజారు నుంచి మోసుకెళ్లే బదులు ఆ తోటలో ఏముంటే అవి కొనుక్కోండి, వాళ్లకీ నాలుగు డబ్బులొస్తాయి. సంక్రాంతి రోజుల్లో అయితే తేగలు, చిలగడదుంపలు అడగండి. మంట ఆరాక దుంపల్ని వేడి బూడిదలో కప్పెట్టి ముప్పావుగంట మర్చిపోండి, పైతొక్క నల్లగా మాడి, విరిస్తే లోపల తేనెలా జారుతుంది. వేళ్లు కాలతాయి, అయినా ఎవరూ ఆగరు.

రాత్రి

పడుకునే ముందు నిప్పుల మీద నీళ్లు పోసి, కలిపి, మళ్లీ పోయండి. చలిగా ఉందని కుంపటి టెంట్ లోపలికి తెచ్చుకుంటే మాత్రం ప్రాణాలకే ముప్పు, బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే పోతారు.

పాముల గురించి టెన్షన్ పడక్కర్లేదు కానీ జిప్ పూర్తిగా వేయండి. కట్లపాము రాత్రి తిరిగే రకం, నేల మీద పడుకున్నవాళ్లని కరుస్తుంది, చాలాసార్లు కరిచినట్టే తెలియదు. బయటికి వెళ్లాలంటే బూట్లు, టార్చి తప్పనిసరి, వేసుకునే ముందు బూట్లు దులపండి, తేళ్లుంటాయి. ఒకవేళ కరిస్తే కోయడం, గట్టిగా కట్టడం, పసరు పోయడం ఏవీ వద్దు. కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేయండి, నేరుగా ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లండి.

మరుగుదొడ్డి ఉందో లేదో ఫోన్లోనే అడిగేయండి. లేకపోతే బావికి, కాలువకి కనీసం 60 మీటర్ల దూరంలో జానెడు లోతు గొయ్యి తవ్వి, తర్వాత పూడ్చాలి. స్పీకర్ ఇంట్లోనే వదిలేయండి. ఆ ఇంట్లోవాళ్లు నాలుగింటికే పాలు పితకడానికి లేస్తారు.

పొద్దున్న

ప్లాస్టిక్ కవర్లు ఒక్కటీ వదలకండి, ఆవులు తినేస్తాయి. తడిక వేశారో లేదో చూసుకోండి. మేకులు వేసేటప్పుడే లెక్క రాసుకుని, తీసేటప్పుడు మళ్లీ లెక్కపెట్టండి, ఒక్కటి మట్టిలో మిగిలినా ఎద్దు గిట్టలోకో ట్రాక్టర్ టైర్లోకో దిగుతుంది. టెంట్ మంచుకి తడిసి ఉంటుంది, అక్కడ ఎండబెట్టే టైము ఎవరికీ ఉండదు. అలాగే చుట్టేసి తెచ్చుకోండి, కానీ ఇంటికి రాగానే స్నానం కంటే ముందు మేడెక్కి బట్టల తీగ మీద పరిచేయండి. సాయంత్రం చూద్దాంలే అని సంచిలోనే ఉంచితే, నాలుగు రోజులకి నల్లటి బూజు చుక్కలు పడతాయి, అవి ఎంత రుద్దినా పోవు.