నల్లరేగడి నేలలో కృత్రిమ పచ్చిక: కింద నీళ్లు నిలవకుండా ఎలా పరవాలి?

కొండ వాలులో పచ్చిక పరిచేవాళ్లకి వాన నీళ్లు కంకరను కోసుకుపోతాయన్న భయం. డెల్టాలో అందుకు పూర్తిగా తిరగబడిన బాధ: నీళ్లు అసలు కదలవు. భీమవరం, పాలకొల్లు, అమలాపురం వైపు నేల బల్లపరుపుగా ఉంటుంది, మట్టి జిగట, వానాకాలంలో రెండు మూడడుగుల్లోనే నీళ్లు తగులుతాయి. ఇలాంటి చోట ఆరంగుళాలు తవ్వి కంకర పోస్తే తొట్టి కట్టినట్టే. పైన పచ్చిక ఆరినట్టే కనిపిస్తుంది, కింద నీళ్లు కుళ్లి వాసన కొడతాయి, దోమలు పుడతాయి. అందుకే ఇక్కడ తవ్వకూడదు, లేపాలి.

ముందు నీళ్లు ఎక్కడికి పోతాయో చూసుకోండి. ఇంటి పక్క డ్రెయిన్ గోడ మీద వాన నీటి మరక గీతలా పడి ఉంటుంది. తుఫాను రోజుల్లో నీళ్లు అక్కడిదాకా వచ్చాయన్నమాట. పచ్చిక కింది నీళ్లను డ్రెయిన్‌లోకి వదిలే పైపు మూతి ఆ గీతకు కనీసం ఆరంగుళాలు పైన ఉండాలి. అంత ఎత్తు దొరక్కపోతే, నీళ్లు వెనక్కి తన్నకుండా మూతికి నాన్ రిటర్న్ వాల్వ్ పెట్టించండి. ఇంటి అరుగు ఎత్తు కూడా కొలవండి. పచ్చిక పరిచాక అరుగు దానికంటే కనీసం ఆరంగుళాలు పైన మిగలాలి, లేకపోతే గోడలు చెమ్మ పీలుస్తాయి.

లెక్కకి 13 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవు ఉన్న స్థలం తీసుకుందాం. పచ్చిక చుట్టలు సాధారణంగా ఆరున్నర అడుగుల వెడల్పుతో వస్తాయి కాబట్టి రెండు పట్టీలు సరిపోతాయి, మధ్యలో అతుకు ఒక్కటే.

పని ఎండల్లో, తొలకరికి ముందే పెట్టుకోవాలి. గడ్డిని వేళ్లతో సహా రెండంగుళాలు చెక్కేయండి. అప్పటికి రేగడి నెర్రెలు విచ్చి ఉంటుంది. ఆ నెర్రెల్లో ఇసుక పోసి పైన దిమ్మిస కొట్టేస్తే మొదటి వానకి మట్టి ఉబ్బి గుట్టలు లేస్తుంది. పై మూడంగుళాల మట్టిని గుల్ల చేసి, నీళ్లు చిలకరించి, పిడికిట్లో ముద్దయ్యే తడి ఉన్నప్పుడే దిమ్మిస చేయాలి.

అన్నిటికన్నా ముఖ్యమైనది వాలు. వాలు మట్టిలోనే తేవాలి. మట్టిని చదునుగా వదిలేసి పై కంకరతో వాలు తెస్తే నీళ్లు కంకరలోంచి దిగి మట్టి మీద అక్కడే ఆగిపోతాయి. చాలా ఇళ్లలో జరిగే తప్పు ఇదే. లెవెల్ ట్యూబుతో (ఎత్తులు సరిచూసే నీళ్ల గొట్టం) చూసి, దారం కట్టి, ఇంటి గోడ నుంచి అవతలి అంచుకి 13 అడుగుల మీద 2 అంగుళాలు దింపండి.

పల్లపు అంచు పొడవునా అడుగు వెడల్పు కాలువ తీయండి. లోతు మొదట్లో 12 అంగుళాలు, మూతి దగ్గర 15. అందులోకి చిల్లులున్న 4 అంగుళాల పీవీసీ పైపు వస్తుంది, చిల్లులు కిందికే ఉండాలి. పైకి తెరిచి పెడితే పైపులోకి నీళ్లకన్నా ముందు మట్టే చేరుతుంది. ఎగువ చివర ఒక ముక్క నిలువుగా పైకి తెచ్చి మూత బిగించండి, తర్వాత కడగడానికి పనికొస్తుంది.

మట్టి మీద, కాలువలో కూడా జియోటెక్స్‌టైల్ గుడ్డ (నీళ్లను దిగనిచ్చి మట్టిని ఆపేది) పరవండి. అతుకు దగ్గర ఒక అడుగు ఒకదాని మీద ఒకటి పడాలి. దాని బదులు టార్పాలిన్ వాడొద్దు, నీళ్లను పట్టేస్తుంది. అంచుల చుట్టూ ఇటుక వరస కట్టించి, గుడ్డ మీద 20 ఎం.ఎం. కంకర రెండు వరసలుగా 4 అంగుళాలు, ఆపైన 6 ఎం.ఎం. చిప్స్ 2 అంగుళాలు పోసి, ప్రతి వరసనీ ప్లేట్ వైబ్రేటర్‌తో అణచండి. అణిగిపోయేది కలుపుకుని కంకర 160 ఘనపుటడుగులు, చిప్స్ 80, కాలువకి మరో 35. ఒక యూనిట్ అంటే 100 ఘనపుటడుగులు కాబట్టి మొత్తం మూడు యూనిట్లలోపే. క్రషర్ డస్ట్ చవకని పోయించకండి. అందులో పిండి ఎక్కువ, తడిస్తే సిమెంటులా బిగుసుకుని దారి మూసేస్తుంది.

పచ్చిక వేసే ముందు రెండు బిందెల నీళ్లు ఒకేచోట కుమ్మరించండి. చూస్తుండగానే ఇంకిపోయి, కాసేపటికి పైపు మూతిలో సన్నగా ధార కనిపించాలి. కనిపించకపోతే ఇప్పుడే సరిచేయండి, తర్వాత అంతా పీకాలి.

పట్టీలు రెండింటికీ పోగు, అంటే పైన నిలబడే గడ్డి పరకలు, ఒకే దిక్కుకి వాలేలా పరిచి, గంటసేపు ఎండలో వదిలేయండి, ముడతలు పోతాయి. అతుకు కింద సీమ్ టేప్, పాలీయురేథేన్ జిగురు. అంచులకు ఆరంగుళాలకొక గాల్వనైజ్డ్ మేకు కొట్టాలి. నరసాపురం, అంతర్వేది వైపు ఉప్పుగాలికి మామూలు మేకులు తుప్పుపడతాయి. కొబ్బరి చెట్టుంటే మొదలు చుట్టూ మూడడుగులు వదిలేయండి.

చివరగా కడిగి ఆరబెట్టిన సిలికా ఇసుక, చదరపు అడుగుకి అర కిలో లెక్కన 195 కిలోలు చల్లి, గట్టి చీపురుతో పోగుకి ఎదురుగా ఊడవాలి. గోదావరి ఇసుకలో ఒండ్రు ఉంటుంది, అది పచ్చిక అడుగు చిల్లులను పూడుస్తుంది. రోహిణి కార్తె ఎండకి పచ్చిక పాదాలు కాలేంత వేడెక్కుతుంది, పిల్లలు ఆడే ముందు నీళ్లు చల్లండి.

ఏటా తొలకరికి ముందు నిలువు పైపు మూత తీసి బిందెడు నీళ్లు పోయండి. అవతల మూతిలో బురద నీళ్లొస్తే తేటగా వచ్చేదాకా పోస్తూనే ఉండాలి.