డేకేర్‌లో నులిపురుగులు: రెండు డోసుల మధ్య 14 రోజులు

మధ్యాహ్నం నిద్ర వేళ. పిల్లలందరూ పడుకున్నారు, నాలుగేళ్ల పాప ఒక్కతే దొర్లుతోంది. దుప్పటి తన్నేస్తుంది, లేచి కూర్చుంటుంది, మళ్ళీ బోర్లా పడుకుంటుంది. చెయ్యి మాటిమాటికీ వెనక్కి, నిక్కరు లోపలికి పోతోంది. దగ్గరికి వెళ్ళి వీపు నిమురుతూ "ఏమైంది బంగారం?" అని అడిగితే, నా చెవిలో "టీచర్, అక్కడ చక్కిలిగిలి పెడుతోంది" అంది. దురద అనే మాట ఆ పాపకి ఇంకా రాదు.

ఆ సాయంత్రం వాళ్ళమ్మకి చెప్పిన తీరు తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధే. గేటు దగ్గర, ఇంకో ఇద్దరు తల్లులు వింటుండగానే చెప్పేశాను. ఆవిడ ముఖం చిన్నబోయింది. "మా ఇల్లు చాలా శుభ్రంగా ఉంటుంది మేడమ్" అంది. మర్నాడు పాపని పంపలేదు. ఆ పైన రెండు రోజులూ పంపలేదు. ఈలోగా ఇంకో ఇద్దరు పిల్లలు గోక్కోవడం మొదలుపెట్టారు.

తర్వాత కూడా ఇది నా డేకేర్‌కి వచ్చింది. ప్రతిసారీ కొంత నేర్చుకున్నాను. నాలాగే పిల్లల్ని చూసుకునేవాళ్ళకీ, పిల్లల్ని మాలాంటివాళ్ళ దగ్గర వదిలి వెళ్ళే అమ్మానాన్నలకీ పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఏ పురుగో తెలియాలి

కడుపులో పురుగులన్నిటినీ మనం నులిపురుగులనే అంటాం. వాటిలో డేకేర్‌లో ఒకరి నుంచి ఒకరికి తేలిగ్గా అంటుకునేది పిన్‌వార్మ్ అనే రకం. చూడ్డానికి తెల్ల దారం ముక్కలా ఉంటుంది. ఆడపురుగు పొడవు 8 నుంచి 13 మిల్లీమీటర్లు. ఏలికపాము వేరు. అది 15 నుంచి 35 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, దాని గుడ్లు మలంతో బయటపడ్డాక మట్టిలో కొన్ని వారాలు ఉంటేగానీ అంటుకునే స్థితికి రావు. కొంకిపురుగు మట్టిలోంచి ఉత్త కాళ్ళ చర్మం గుండా లోపలికి పోతుంది, రక్తహీనత తెస్తుంది. ఈ రెండిటికీ చెప్పులు, మరుగుదొడ్డి, మట్టిలో ఆడాక చేతులు కడగడం ముఖ్యం. పక్క మంచం మీది పిల్లాడి నుంచి నేరుగా వచ్చేవి కావవి. ఇకమీద నేను రాసేదంతా పిన్‌వార్మ్ గురించే.

దీని బతుకు అర్థమైతే చెయ్యాల్సిన పనులు వాటంతటవే అర్థమవుతాయి. పిల్ల నోట్లోకి గుడ్డు పోతుంది. పేగులో పొదిగి, పెరిగి, సుమారు నెల తిరిగేసరికి ఆడపురుగు రాత్రిపూట మలద్వారం బయటికి వచ్చి చుట్టూ ఉన్న చర్మం మీద పది వేలకు పైగా గుడ్లు పెడుతుంది. అందుకే దురద. పిల్ల గోక్కుంటుంది, గుడ్లు గోళ్ళ సందుల్లో చేరతాయి. నాలుగు నుంచి ఆరు గంటల్లో అవి అంటుకునే స్థితికి వస్తాయి. ఉదయం ఆ వేలు నోట్లోకి పోయినా, బొమ్మ మీద పడి ఆ బొమ్మ ఇంకో పిల్లాడి నోట్లోకి పోయినా కథ మళ్ళీ మొదలు. దుప్పట్ల మీద, బొమ్మల మీద గుడ్లు రెండు మూడు వారాలు బతికే ఉంటాయి.

కుక్కల నుంచి, పిల్లుల నుంచి ఇది రాదు. తీపి తింటే రాదు. పాపం, ఎంతోమంది తల్లులు ఈ తీపి మాట విని తమ తప్పే అనుకుంటారు. వేళ్ళు నోట్లో పెట్టుకునే వయసు పిల్లలు పదిమంది ఒకచోట ఉంటే ఎంత శుభ్రమైన ఇంటి పిల్లలకైనా రావచ్చు.

ఎలా గుర్తించాలి

మనకి కనపడేవి ఇవి: నిద్రలో కుదురు లేకపోవడం, వెనక గోక్కోవడం, పగలంతా చిరాకు. ఆడపిల్లలకి ముందువైపు కూడా దురద రావచ్చు. మానేసిన పక్క తడపడం మళ్ళీ మొదలవ్వచ్చు. అసలు ఏ లక్షణమూ లేని పిల్లలు కూడా చాలామంది ఉంటారు, అది మర్చిపోకూడదు. నిద్రలో పళ్ళు కొరికితే పురుగులేనని అంటుంటారు గానీ, ఆ ఒక్కటీ చూసి నేనెప్పుడూ మందు వెయ్యమనను.

ఒక మాట గట్టిగా చెప్పాలి. పిల్లల బట్టలు విప్పి చూడడం డేకేర్‌వాళ్ళ పని కాదు. మనం చూసింది రాసిపెట్టుకుని అమ్మానాన్నలకి చెప్పాలి, పరీక్ష వాళ్ళే ఇంట్లో చేస్తారు. పిల్ల నిద్రపోయిన రెండు మూడు గంటలకి టార్చిలైటు వేసి, పిర్రలు మెల్లగా విడదీసి చూస్తే ఒక్కోసారి తెల్ల పురుగులు కదులుతూ కనిపిస్తాయి. కనపడకపోతే టేపు పరీక్ష ఉంది. తెల్లారి పిల్ల లేవగానే, దొడ్డికి వెళ్ళకముందే, స్నానం చేయించకముందే పారదర్శకమైన టేపు ముక్క తీసుకుని జిగురువైపు మలద్వారం పక్క చర్మానికి అద్దాలి. తీసి గాజు పలక మీద గానీ శుభ్రమైన జిప్ కవర్‌లో గానీ అంటించి డాక్టర్‌కి ఇవ్వాలి. ఒకరోజు దొరక్కపోవచ్చు, వరసగా మూడు ఉదయాలు తీస్తే దాదాపు దొరికిపోతుంది. మామూలు మలపరీక్షలో ఈ పురుగు చాలాసార్లు బయటపడదు. రిపోర్టులో ఏమీ లేదని వస్తే అక్కడితో వదిలెయ్యకండి.

చెప్పడం

ఇప్పుడు నేను ఆ పిల్ల తల్లికో తండ్రికో ఫోన్ చేసి, వాళ్ళు ఒంటరిగా ఉన్నప్పుడు చెబుతాను. మొదటి వాక్యంలోనే "ఇది చిన్నపిల్లల్లో చాలా మామూలు, మీ తప్పేమీ లేదు" అంటాను. తర్వాత చూసింది చూసినట్టు: ఫలానా రోజు, ఫలానా టైము, ఇన్నిసార్లు గోక్కుంది. "పురుగులు ఉన్నాయి" అనను, "డాక్టర్‌కి చూపించండి" అంటాను.

డాక్టర్ ఖాయం చేసిన రోజే మిగతా అందరికీ ఒకే కాగితం వెళుతుంది. పేరు ఉండదు, వయసు ఉండదు, ఆడో మగో కూడా ఉండదు. నేను పంపేది ఇదీ:

"మన డేకేర్‌లో ఒక చిన్నారికి నులిపురుగులు ఉన్నట్టు తెలిసింది. ఇది ప్రమాదకరమైనది కాదు, మందుతో పోతుంది. మీ పిల్లలు రాత్రిపూట గోక్కుంటున్నారేమో, నిద్రలో కదులుతున్నారేమో గమనించి, అనుమానం ఉంటే డాక్టర్‌ని కలవండి. మందు వేస్తే ఇంట్లో అందరూ ఒకే రోజు వేసుకోవాలో లేదో కూడా డాక్టర్‌ని అడగండి. మొదటి డోసు తేదీ, రెండో డోసు తేదీ మాకు తెలియజేయండి. ఎవరి పిల్లలని దయచేసి అడగవద్దు."

ఆఖరి వాక్యం మొదట్లో పెట్టేదాన్ని కాదు. పెట్టకపోతే సాయంత్రానికల్లా గేటు దగ్గర అదే చర్చ.

మందు

డాక్టర్లు ఎక్కువగా రాసేవి ఆల్బెండజోల్, మెబెండజోల్, పైరాంటెల్. ఏది, ఎంత అన్నది పిల్ల వయసు, బరువు చూసి వాళ్ళు చెప్పాల్సిందే. రెండేళ్ల లోపు పిల్లలకి, గర్భిణులకి డాక్టర్‌ని అడక్కుండా అస్సలు వెయ్యకూడదు. మా ఆయాల్లో ఒకమ్మాయి నెల తప్పిందని ఎవరికీ చెప్పలేదు. నేను అందరికీ మాత్రలు పంచబోతుంటే పక్కకి పిలిచి చెప్పింది. అప్పటినుంచి నేను మాత్ర ఎవరి చేతిలోనూ పెట్టను, డాక్టర్ దగ్గరికే పంపిస్తాను.

చిన్నపిల్లలకి మాత్ర అలాగే మింగించకండి. మెత్తగా నూరి నీళ్ళలో కలిపి ఇవ్వాలి. ఏడుస్తున్న పిల్లని పట్టుకుని బలవంతంగా పోస్తే గొంతులో అడ్డుపడుతుంది. ఏడుపు ఆగాక, కూర్చోబెట్టి, నిదానంగా ఇవ్వండి.

అందరూ తప్పు చేసేది ఇక్కడే. ఈ మందు పురుగుని చంపుతుంది, గుడ్డుని చంపదు. మొదటి డోసుతో దురద తగ్గిపోతుంది, ఇంట్లో అందరూ మర్చిపోతారు. మిగిలిన గుడ్లు పొదిగి మళ్ళీ పురుగులవుతాయి. అందుకే రెండు వారాలకి రెండో డోసు. ఇంట్లో ఒకళ్ళకి ఉంటే మిగతావాళ్ళకీ ఉండే అవకాశం ఎక్కువ కాబట్టి, సాధారణంగా అందరికీ ఒకేరోజు వేయిస్తారు. నా దగ్గర గోడ క్యాలెండర్‌లో ఒక్కొక్క పిల్ల రెండో డోసు తేదీ రాసి ఉంటుంది. ముందురోజు సాయంత్రం నేనే ఫోన్ చేస్తాను. "అయ్యో, మర్చిపోయాం మేడమ్" అనే జవాబు ప్రతిసారీ ఒకరిద్దరి నుంచైనా వస్తుంది.

పిల్లని ఎన్నిరోజులు ఇంట్లో ఉంచాలని అడుగుతారు. మొదటి డోసు వేసి, ఉదయం స్నానం చేయించి, గోళ్ళు కత్తిరించి పంపితే చాలు. మనకి తెలిసేసరికే మిగతా పిల్లలకి తగలాల్సింది తగిలే ఉంటుంది. ఆ ఒక్క పిల్లని ఇంట్లో కూర్చోబెట్టి లాభం లేదు.

ఆ 14 రోజులు

మా పెద్దాయమ్మకి శుభ్రం అంటే ప్రాణం. రోజూ పిల్లలు లేవగానే దుప్పట్లన్నీ కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి టపటపా దులిపేది. రెండోసారి ఈ సమస్య వచ్చినప్పుడు అందరూ మందు వేసుకున్నా నెల తిరిగేసరికి మళ్ళీ మొదలైంది. ఎక్కడ తప్పుతోందా అని నిద్ర గదిలో ఒకరోజంతా కూర్చున్నాను. ఎండపొడలో ఆ దుప్పట్లలోంచి లేచిన దుమ్ము మెల్లగా దిగి బొమ్మల బుట్ట మీద వాలుతుంటే చూశాను. ఈ గుడ్లు కంటికి కనపడవు, చాలా తేలిక. దులిపితే గాల్లోకి లేస్తాయి. "దులపకపోతే శుభ్రం ఎట్లా అవుతుందమ్మా?" అంది ఆయమ్మ. దుప్పటి నాలుగు అంచులూ లోపలికి మడిచి, చుట్ట చుట్టి, అక్కడికక్కడే సంచిలో వేసి చూపించాను. రెండో రోజుకి ఆవిడే మిగతావాళ్ళకి నేర్పించింది.

ఆ సంచుల్లోవి వేడినీళ్ళతో ఉతకాలి. ప్రతి పిల్లకీ తన దుప్పటి తనకే, పేరు రాసి. నేల పొడిగా ఊడిస్తే దుమ్ము లేస్తుంది, కాబట్టి తడిగుడ్డతో తుడవాలి, ఆ గుడ్డనీ వేడినీళ్ళలో ఉతకాలి. కర్టెన్లు తీసి ఉంచండి, వెలుతురు ఈ గుడ్లకి పడదు.

బొమ్మలకి నా దగ్గర మూత ఉన్న బకెట్ ఉంది, "ఎంగిలి బకెట్" అంటాం. ఏ బొమ్మ ఎవరి నోట్లోకి వెళ్ళినా నేరుగా అందులోకే, సాయంత్రం సబ్బునీళ్ళతో కడిగాకే బయటికి. ఆటపిండి పారేస్తాం. మెత్తటి బొమ్మలు, వేషాలు వేసుకునే ఆటబట్టలు ఉతికి పెట్టెలో పెట్టి అటక మీదికి ఎక్కిస్తాం. ఒకే తొట్టిలో అందరూ చేతులు పెట్టే నీళ్ళాట ఆపేస్తాం.

అన్నిటికన్నా ముఖ్యం చేతులు. శానిటైజర్ ఈ గుడ్లని చంపదు, సబ్బూ నీళ్ళే కావాలి. రాగానే, దొడ్డికెళ్ళి వచ్చాక, తినేముందు, నిద్ర లేచాక. నిద్ర లేచాక అన్నది చాలామంది వదిలేస్తారు, గోక్కునేది నిద్రలోనే కదా. పిల్లలు అరచేతులు రుద్దుకుని అయిపోయిందంటారు. గుడ్లుండేది గోళ్ళ కింద. అరచేతిలో సబ్బు నురగ చేసి, అందులో రెండో చేతి అయిదు వేళ్ళ కొసలు గుండ్రంగా తిప్పమంటాను. "పిచ్చుక గూట్లో గింజలు ఏరుతోంది" అంటే మూడేళ్ళ వాళ్ళు కూడా చేస్తారు. ఇరవై లెక్కపెట్టేదాకా. డైపర్ మార్చేవాళ్ళు గ్లోవ్స్ వేసుకున్నా, తీశాక మళ్ళీ చేతులు కడగాలి, ప్రతి పిల్లకీ బల్ల తుడవాలి.

ఇంటివాళ్ళు చెయ్యాల్సినవి: పొద్దున్నే స్నానం, తొట్టిలో కూర్చోబెట్టకుండా ఒంటి మీంచి నీళ్ళు పోసి. రాత్రి పెట్టిన గుడ్లు అలా పోతాయి. రోజూ ఉదయం లోదుస్తులు మార్చడం. రాత్రి కాస్త బిగుతైన నిక్కరు. గోళ్ళు పొట్టిగా.

మళ్ళీ వస్తే, ఇంకేదైనా కనిపిస్తే

రెండో డోసు తర్వాత కూడా దురద ఉంటే చాలావరకు అది కొత్తగా తగిలిందే. ఎవరో ఒకరు డోసు మానేసి ఉంటారు. డాక్టర్‌ని కలిసి అందరూ కలిసి మళ్ళీ మొదలుపెట్టాలి, పిల్లని మాత్రం తిట్టొద్దు. "చెయ్యి తియ్యి!" అని అరిస్తే దుప్పటి కింద దాచుకుని గోక్కుంటుంది, మనకి తెలియకుండా పోతుంది. పొడవాటి పురుగు పడినా, వాంతిలో పురుగు వచ్చినా, మలంలో రక్తం ఉన్నా, కడుపునొప్పి ఎక్కువైనా, పిల్ల పాలిపోయి బరువు తగ్గుతున్నా అది ఈ పద్నాలుగు రోజుల లెక్కలోది కాదు. ఆ రోజే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాలి.

గుడ్డు పురుగై మళ్ళీ గుడ్లు పెట్టడానికి నెల దాకా పడుతుందన్నాను కదా. అందుకని రెండో డోసు తర్వాత ఇంకో ఆరు వారాలు నిద్ర వేళ నా నోటుబుక్కు తెరిచే ఉంటుంది: ఎవరు కుదురుగా పడుకున్నారు, ఎవరు దొర్లారు. ఆ ఆరు వారాలూ ఏమీ రాయకుండా గడిస్తేనే ఆటబట్టల పెట్టె అటక మీంచి దించుతాను.