బ్యాడ్జీ వెనక్కి తిప్పి చూడండి

లండన్ వచ్చిన కొత్తలో శనివారం సంతలో 50 పెన్నీలకు ఒక రేకు బ్యాడ్జీ కొన్నాను. ముళ్లతీగ చుట్టిన కొవ్వొత్తి బొమ్మ, 1961లో పుట్టిన మానవ హక్కుల సంస్థ ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ గుర్తు. అప్పటి నుంచి ఉద్యమాల బ్యాడ్జీలే పోగేస్తున్నాను.

కొనేముందు బొమ్మ కన్నా అంచు చూడండి. మడిచిన రేకు మీద చీమ తలంత అక్షరాల్లో తయారీదారు పేరు, ఊరు చాలాసార్లు ఉంటాయి. తర్వాత వెనక్కి తిప్పండి. తుప్పు చుక్కలు ఫర్వాలేదు, రేకు పొరలుగా లేస్తుంటే వదిలేయండి.

నీళ్లతో మాత్రం కడగొద్దు. తడి అంచులోంచి దిగి లోపలి కాగితం ఉబ్బిపోతుంది. నా వర్ణవివక్ష వ్యతిరేక ఉద్యమం బ్యాడ్జీ అలాగే పాడైంది, ఇప్పటికీ బాధే. పొడి మెత్తటి గుడ్డతో తుడిచి, సిలికా జెల్ పొట్లం వేసిన అట్టపెట్టెలో పెట్టండి.

మన దగ్గరైతే డిసెంబర్ 7న మొదలుపెట్టండి. 1949 నుంచి జరుగుతున్న సాయుధ దళాల పతాక దినం అది. ఆ రోజు విరాళానికి ఇచ్చే ఎరుపు, ముదురు నీలం, లేత నీలం రంగుల చిన్న జెండాను సాయంత్రానికి పారేయకండి.

ఎవరిచ్చారో, ఎప్పుడిచ్చారో చీటీ రాసి జతచేయండి. బ్రిటన్ అణ్వాయుధ కేంద్రం ఉన్న ఊరు ఆల్డర్‌మాస్టన్. అణ్వస్త్ర వ్యతిరేక బ్యాడ్జీ ఇస్తూ ఒక పెద్దావిడ, "ఆల్డర్‌మాస్టన్ యాత్రలో వానలో నడిచాం, కాళ్లు బొబ్బలెక్కాయి" అన్నారు. చీటీ మీద ఆ మాటే రాసుకున్నాను.