తాబేలు తినడం మానేసిందా? ముందు నీళ్ల వేడి చూడండి

ఇళ్లలో పెంచే తాబేళ్లలో ఎక్కువగా కనిపించేది కంటి వెనుక ఎర్రటి చార ఉండే రెడ్ ఇయర్డ్ స్లైడర్. అక్వేరియం దుకాణంలో అగ్గిపెట్టె కన్నా చిన్నగా కనిపించే ఈ పిల్ల సరిగా చూసుకుంటే ఇరవై, ముప్పై ఏళ్లు బతుకుతుంది. కొనేటప్పుడు దుకాణదారు ఒక సీసా ఎండు రొయ్యలు కూడా చేతిలో పెడతాడు. చాలా ఇళ్లలో ఆ సీసా తప్ప మరో ఆహారం ఉండదు. అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది.

ఇక్కడ చెప్పేదంతా ఈ జాతి గురించే. నక్షత్ర తాబేలు వంటి మన దేశపు తాబేళ్లను ఇంట్లో ఉంచుకోవడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం.

ఆహారం ముట్టడం లేదు

మన ఒంటి వేడిని మన ఒళ్లే పుట్టించుకుంటుంది. తాబేలుకు ఆ శక్తి లేదు. చుట్టూ ఉన్న వేడే దానికి జఠరాగ్ని. నీళ్లు చల్లబడితే పేగుల కదలిక మందగిస్తుంది, ఆకలి చచ్చిపోతుంది. ఒక డిసెంబరులో హైదరాబాదులోని మా ఇంట్లో ఇదే జరిగింది. వారం రోజులపాటు మా తాబేలు దాని కోసం కొన్న ఆహార గుళికల వైపు చూడనైనా లేదు. నేను రోజుకో ఆహారం మార్చి చూశాను. చివరికి థర్మామీటరు ముంచితే 19 డిగ్రీలు చూపించింది. నీటిలో మునిగే హీటరు పెట్టి, రెండు రోజుల్లో మెల్లగా 26 డిగ్రీలకు తెచ్చాను. మూడో రోజు పొద్దున నేను దగ్గరికి వెళ్లగానే మెడ సాచి అద్దానికి ముక్కు ఆనించింది. ఆ పూట అది గుళిక నోట పట్టిన చప్పుడు నాకు ఇప్పటికీ గుర్తే.

నీళ్లు 25 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలి. నీటిలోంచి ఎక్కి ఒళ్లు పూర్తిగా ఆరబెట్టుకునే గట్టు మీద, వేడినిచ్చే దీపం కింద 30 నుంచి 33 దాకా ఉండాలి. నీళ్లు చల్లగా ఉన్నప్పుడు బలవంతంగా తినిపించకండి, లోపలికి వెళ్లింది అరగక కుళ్లుతుంది. ఆహారం ఎప్పుడూ నీళ్లలోనే వేయాలి. స్లైడర్ ఒడ్డున మింగలేదు.

వేడి సరిచేసి వారం గడిచినా తినకపోతే పశువైద్యుడికి చూపించాలి. నోరు తెరిచి ఊపిరి పీలుస్తున్నా, ఒక పక్కకు ఒరిగి తేలుతున్నా అది న్యుమోనియా కావచ్చు. అప్పుడు ఒక్క రోజు కూడా ఆగవద్దు.

మలంలో గుళికలు అరగకుండా కనిపిస్తున్నాయి

చల్లదనం ఒక కారణం, మితిమీరి పెట్టడం రెండోది. తాబేలు ఎప్పుడు చూసినా అడుగుతూనే ఉంటుంది, దాని అడగడాన్ని కొలతగా తీసుకోకూడదు. మెడ వదిలేసి దాని తల ఎంత ఉంటుందో అన్ని గుళికలు ఒక పూటకు చాలు. పిల్లలకు రోజూ, పెద్దవాటికి రెండు మూడు రోజులకొకసారి పెట్టాలి. వేరే టబ్బులో గోరువెచ్చని నీళ్లు పోసి అందులో తినిపిస్తే తొట్టె పాడుకాదు, మలం ఎలా ఉందో కూడా స్పష్టంగా కనిపిస్తుంది.

మలం నీళ్లలా, దుర్వాసనతో వస్తుంటే పండ్లు, మాంసం ఎక్కువయ్యాయేమో చూడండి. వాటిని మానేసినా తగ్గకపోతే పురుగులు ఉండవచ్చు, మలాన్ని పరీక్ష చేయించాలి.

రోజుల తరబడి మలం రావడం లేదు

తొట్టె అడుగున పరిచిన చిన్న గులకరాళ్లను ముందుగా అనుమానించండి. ఆహారమనుకుని తాబేలు వాటిని మింగుతుంది. రాళ్లన్నీ తీసేయండి, లేదా దాని తలకన్నా పెద్దవి మాత్రమే ఉంచండి. లోతు తక్కువగా గోరువెచ్చని నీళ్లు పోసి అరగంట వదిలితే చాలాసార్లు కదలిక వస్తుంది. అప్పటికీ రాకపోతే ఎక్స్‌రే తీయించాలి. నూనెలు, విరేచన మందులు మీరే వేయకండి.

కళ్లు ఉబ్బి మూసుకున్నాయి, డిప్ప మెత్తగా ఉంది

ఇవి కంటి జబ్బు, డిప్ప జబ్బు అనిపిస్తాయి గానీ మూలం తరచుగా ఆహారంలోనే ఉంటుంది. ఎండు రొయ్యల్లో విటమిన్ ఏ చాలదు, అందుకే కళ్లు వాస్తాయి. చూపు లేక తిండి మానేస్తుంది, దాంతో ఇంకా నీరసిస్తుంది. తురిమిన క్యారెట్, గుమ్మడి, చిలగడదుంప మొదలుపెట్టండి. విటమిన్ చుక్కలు మాత్రం వైద్యుడు చెప్పిన మోతాదులోనే వేయాలి, ఎక్కువైతే చర్మం ఊడుతుంది.

డిప్ప మెత్తబడటం కాల్షియం లోటు. నాటు మందుల దుకాణంలో సముద్రపు నురుగు పేరుతో దొరికే కటిల్‌ఫిష్ ఎముక ముక్క ఒకటి నీళ్లలో వేస్తే కొరుక్కు తింటుంది. అయితే ఒంట్లో డి విటమిన్ తయారు కానిదే కాల్షియం పట్టదు, దానికి అతినీలలోహిత కిరణాలు కావాలి. కిటికీ అద్దం వాటిని ఆపేస్తుంది. పొద్దుటి ఎండలో, పక్కన నీడ ఉండేలా, మీ కళ్ల ముందే కాసేపు ఉంచండి. లేదా ఆ కిరణాలనిచ్చే యూవీబీ దీపం పెట్టండి. ఆ దీపం వెలుగుతున్నా కిరణాల బలం తగ్గిపోతుంది, ఏడాదికొకసారైనా మార్చాలి.

కాళ్లు లోపలికి లాక్కుంటే తొడ దగ్గర కొవ్వు ఉబ్బుతోంది

చిన్నప్పుడు ఎక్కువగా మాంసాహారం తినే స్లైడర్, పెరిగేకొద్దీ ఆకుల వైపు మళ్లుతుంది. మనం మాత్రం పాత తిండే పెడుతూ పోతాం, కొవ్వు పేరుకునేది అందుకే. పెద్ద తాబేలు ఆహారంలో సగానికి పైగా ఆకులే ఉండాలి. మన దగ్గర దీనికి కొదవ లేదు. పాడి రైతులు పెంచే అజొల్లా నీళ్లపై తేలుతుంది కాబట్టి తాబేలు దానంతట అదే తింటుంది. మునగాకు, మందార ఆకులు, పువ్వులు కూడా మంచివే. పాలకూర, తోటకూర, గోంగూర, చుక్కకూర రోజూ పెట్టకండి, వాటిలోని ఆక్సలేట్లు కాల్షియాన్ని పట్టేస్తాయి. చెరువులోని గుర్రపుడెక్క తింటుంది గానీ మురుగు కలిసే చెరువుదైతే వద్దు. అన్నం, రొట్టె, ముఖ్యంగా పాలు, పెరుగు ముద్దుగా పెట్టినా హానే చేస్తాయి.

ఆకు ముట్టనని మొండికేస్తే గుళికలు నానిన నీళ్లు ఆకుకు పట్టించి చూడండి. మాది ఒప్పుకోవడానికి మూడు వారాలు పట్టింది.

తోక దగ్గర ఎర్రటి కండ బయటికి వచ్చింది

మగ తాబేలు అప్పుడప్పుడు జననాంగాన్ని బయటికి తీసి కాసేపట్లో లోపలికి లాక్కుంటుంది, అది మామూలే. లోపలికి పోకపోతే మాత్రం పేగు జారి ఉండవచ్చు. చేత్తో నెట్టకండి. తడి గుడ్డ కప్పి, మిగతా తాబేళ్లు కొరకకుండా వేరుచేసి, వెంటనే వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. తిరిగొచ్చాక సబ్బుతో చేతులు కడుక్కోండి, తాబేళ్ల ఒంటిపై సాల్మొనెల్లా బ్యాక్టీరియా ఉంటుంది. అయిదేళ్ల లోపు పిల్లలను దాన్ని తాకనివ్వకండి.