గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల పాత మిద్దె కొంటున్నారా? అడ్వాన్స్ ఇచ్చేముందు ఇవి చూడండి

– స్థలం ఎవరిది? తిరుపతిలో దేవస్థానం భూములు, మఠం భూములు చాలా ఉన్నాయి. ఆ స్థలం 22ఎ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చట్టం 22ఎ సెక్షన్ కింద అమ్మకం నిషేధించిన భూముల జాబితా) ఉంటే రిజిస్ట్రేషన్ జరగదు, అడ్వాన్స్ కోసం మీరే తిరగాలి. ఆన్‌లైన్‌లో ఈసీ (ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తాకట్లు చూపే కాగితం) 1983 నుంచే దొరుకుతుంది. అంతకుముందుది సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో వెతికించండి. బ్రోకర్ "అంత వెనక్కి ఎందుకు సార్" అంటే ఇంకా గట్టిగా వెతికించండి.

– అక్కచెల్లెళ్ల సంతకాలు. తాత పేరు మీదున్న ఇంటికి అన్నదమ్ములు సంతకం పెడితే సరిపోదు. "వాళ్ల వాటా పెళ్లప్పుడే ఇచ్చేశాం" అంటే కాగితం అడగండి.

– దూలాల కొసలు. గోడలోకి దిగిన చోటే తేమ పట్టి చెదలు తింటాయి. మధ్యలో రంగేసి నిగనిగలాడుతూ ఉంటుంది, దాన్ని చూసి మురిసిపోవద్దు. స్క్రూడ్రైవర్‌తో కొసన గుచ్చి చూడండి.

– వీలైతే వానలో చూడండి. మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పెద్ద వానలు. రోడ్డు మీద రోడ్డు వేస్తే పాత ఇంటి గడప పల్లంలో పడుతుంది. 2021 నవంబరు వరద గుర్తుందిగా.

– సున్నం గోడకు కొత్త సిమెంటు పూత ఉంటే అనుమానించండి. తేమ బయటికి పోలేక లోపల గోడ గుల్లబారుతుంది.

– రోడ్డు వెడల్పు. ఏ రోడ్డు ఎంత వెడల్పు చేస్తారో ఊరి మాస్టర్ ప్లాన్‌లో చూడండి. అరుగు పోతే సర్దుకోవచ్చు, ముందు గది పోతే?

– అద్దెకున్నవాళ్లు ఖాళీ చేశాకే రిజిస్ట్రేషన్.

– కారు ఎక్కడ పెడతారో కూడా చూసుకోండి, సందులోకి రాకపోవచ్చు.